డ్రాపు అవతలికి

మా నాయిన నాగార్జునసాగర్ ఎడమ కాలువ కింద, హాలియాకూ మిర్యాలగూడకూ నడుమ ఒక మేజరు మీద, అంటే పెద్ద కాలువ నుంచి చీలిన పంపిణీ కాలువ మీద, లస్కరుగా పనిచేశాడు. లస్కరు అంటే ఎవరో ఆయకట్టు ఊళ్లవాళ్లకు చెప్పనక్కరలేదు, మిగిలినవాళ్ల కోసం చెబుతున్నాను. తెల్లవారగానే గేజీ చూసి పుస్తకంలో రాసుకోవడం, పైనుంచి వచ్చిన ఆర్డరు ప్రకారం షట్టర్లు ఎత్తడం, దించడం, తూముకు ఎవరైనా రాత్రికి రాత్రి బండలు అడ్డం పెడితే తీయించడం, గట్టుకు బుంగ పడితే మట్టి బస్తాలు వేయించడం, వంతుల వారీగా నీళ్లు వదిలే వారబందీ రోజుల్లో పై రైతుకూ కింది రైతుకూ మధ్య నిలబడి ఇద్దరిచేతా తిట్లు తినడం, ఇదీ ఆ ఉద్యోగం. జీతం తక్కువ, నడక ఎక్కువ.

ఆ కాలువకు ఆయన ఉద్యోగి కాకముందు కూలీ. 1955 డిసెంబరు 10న నెహ్రూ సాగరుకు శంకుస్థాపన చేసిన నాటికి ఆయన పశువులు కాసే పిల్లవాడు. 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీ కాలువలకు నీళ్లు వదిలే నాటికి మా ఊరి దిక్కు మేజరు తవ్వకంలో తట్ట మోస్తున్నాడు. ఆ పనిలో పాలమూరు నుంచి గుంపులుగా వచ్చినవాళ్లు ఎందరో ఉండేవాళ్లనీ, కట్ట వాలును కంటితోనే కొలవడం తనకు నేర్పింది నారాయణపేట దిక్కు నుంచి వచ్చిన ఒక మేస్త్రీ అనీ ఆయన ఇప్పటికీ చెబుతుంటాడు. చదువు ఐదో తరగతి. అయినా నీళ్లు పారుతున్న కాలువ పక్కన నాలుగడుగులు నడిస్తే ఎంత పారుతున్నదో దాదాపు సరిగ్గా చెప్పేవాడు. ఇంజనీర్లు మీటరుతో కొలిచి అదే లెక్క చెప్పినప్పుడు ఆయన ముఖంలో కనిపించే గర్వాన్ని నేను చిన్నప్పుడు చాలాసార్లు చూశాను.

మా పిల్లల మీద ఆయన పెట్టిన ఆంక్ష ఒక్కటే. కాలువలో ఆడుకోండి, డ్రాపు దాకా మాత్రం పోవద్దు.

డ్రాపు సంగతి కొంచెం వివరంగా చెప్పాలి. నేల పల్లం ఎక్కువగా ఉన్న చోట కాలువను కూడా అదే వాలులో తవ్వితే నీటి ఉరవడికి అడుగు కోసుకుపోతుంది, గట్లు తెగుతాయి. అందుకని కాలువను మందమైన వాలులోనే నడిపించి, అవసరమైన చోట నీటిని ఒక్కపెట్టున కిందికి దింపుతారు. దింపిన చోట పాదం దగ్గర సిమెంటుతో ఒక గుంట కడతారు. పైనుంచి పడిన నీళ్లు ఆ గుంటలో ఎగిసి, నురగలు కక్కి, బలమంతా అక్కడే పోగొట్టుకొని మళ్లీ నిమ్మళంగా సాగుతాయి. గట్టు మీద నిలబడి చూసేవాడికి అది ముచ్చటైన దృశ్యం. కానీ అక్కడ నీటి పైపొర ముందుకు కాక వెనక్కి, ధార వైపుకే తిరుగుతూ ఉంటుంది. అందులో చిక్కిన మొద్దునైనా, దూడనైనా, మనిషినైనా అది బయటికి పోనీయదు, తిప్పి తిప్పి మళ్లీ ధార కిందికే తోస్తుంది. ఈత వచ్చినవాడు కూడా అక్కడ అలసిపోతాడు. మేము దాన్ని గుండం అనేవాళ్లం. మా నాయిన తన సర్వీసులో ఆ గుండంలోంచి కొందరిని ప్రాణాలతో తీశాడు, కొందరిని ప్రాణం లేకుండా తీశాడు. రెండో సంగతి ఆయన ఇంట్లో ఎప్పుడూ చెప్పలేదు. అలాంటి రోజున అన్నం తినకుండా పడుకునేవాడు కాబట్టి మాకు తెలిసిపోయేది.

అయినా పిల్లలం పిల్లలమే. లారీ ట్యూబులో గాలి కొట్టించుకొని తూము దగ్గర కాలువలో దిగితే, నీళ్లు వాటంతటవే మమ్మల్ని మోసుకుపోయేవి. పైన తుమ్మ కొమ్మలు, ఇటు వరి మడులు, అటు గట్టు మీద బర్రెలు, చెవుల నిండా నీళ్ల చప్పుడు. కాళ్లాడించే పని కూడా లేదు. డ్రాపు హోరు వినిపించగానే గట్టు మీది తుంగ పట్టుకొని పైకి ఎక్కేవాళ్లం. ఆ హోరు ఎంత దూరం నుంచి వినిపిస్తే అంత దూరంలోనే ఎక్కాలని ఒకడు, ఇంకొంచెం పోవచ్చునని ఇంకొకడు వాదించుకునేవాళ్లం. మా నాయిన సైకిలు బెల్లు వినిపించిందంటే వాదం అక్కడితో ముగిసేది. డ్రాపు అవతల ఏముంటుందో, పై నుంచి కిందికి జారితే ఎలా ఉంటుందో అన్న కుతూహలం నాకు ఆ రోజుల్లో మిగిలిపోయింది. అది తీరింది మాత్రం అమెరికాలో, అది కూడా మా నాయిన పక్కనే ఉండగా.

2008లో నేను టెక్సాస్‌లో, డాలస్ పక్కన ఉద్యోగం చేస్తున్నాను. నాయిన రిటైరయ్యాక అమ్మనూ ఆయననూ అక్కడికి పిలిపించుకున్నాను. మా అపార్ట్‌మెంటు చుట్టుపక్కల నల్లగొండ, సూర్యాపేట, పాలమూరు దిక్కు వాళ్లు బాగానే ఉండేవాళ్లు. సాయంత్రం పార్కులో కూర్చుంటే ఆ ముసలివాళ్ల మాటల్లో మిర్యాలగూడ మిల్లుల ధాన్యం ధర తేలకుండా చీకటి పడేది కాదు. అయినా నాయినకు పొద్దు గడవడం కష్టమైంది. నడవడానికి కాలువ లేదు, తిట్టడానికి రైతు లేడు. ఒక శనివారం మా మిత్రుల కుటుంబాలు కలిసి ఆర్లింగ్టన్‌లోని సిక్స్ ఫ్లాగ్స్ ఓవర్ టెక్సాస్ అనే వినోదాల పార్కుకు పోతుంటే, ఈయనను కూడా తీసుకుపోయాను. డాలస్‌కూ ఫోర్ట్‌వర్త్‌కూ మధ్య ఉంటుంది ఆ పార్కు, 1961 నాటిది. జూలై నెల. నల్లగొండ మే నెలకు తీసిపోని ఎండ. పంచె కట్టుకొని బయలుదేరిన ఆయనను నా భార్య బతిమాలి ప్యాంటు తొడిగించింది.

పెద్ద పెద్ద రోలర్ కోస్టర్లను ఆయన ఒకసారి తలెత్తి చూసి, "గవి నాకొద్దు" అని తేల్చేశాడు. అమ్మ అసలు తలే ఎత్తలేదు. అలా నడుస్తూ నడుస్తూ ఉండగా ఒక చోట ఆయన ఆగిపోయాడు. ఎత్తైన స్తంభాల మీద నీళ్ల తొట్టి ఒకటి మలుపులు తిరుగుతూ పోతున్నది. దాని పక్కనే ఇంకొకటి. వాటిలో చెట్టు మొద్దుల్లా చేసిన పడవలు, ఒక్కొక్క పడవలో ఒకరి వెనుక ఒకరుగా మనుషులు. మా నాయిన చూస్తున్నది మనుషులను కాదు. తొట్టి గోడకు నీళ్లు ఎంత ఎత్తున అంటుతున్నాయో చూస్తున్నాడు.

"ఏందిరా ఇది? మైనరా?" అన్నాడు. మేజరు నుంచి చీలే చిన్న కాలువను మైనరు అంటారు.

దాని పేరు ఎల్ అసెరాడెరో. అది మామూలు ఆట కాదని అప్పుడు నాకు తెలియదు. చెట్టు దుంగ ఆకారపు పడవలో కూర్చొని, నీటి కాలువలో తేలుతూ పోయి చివర కిందికి జారే ఈ రకం ఆటల్లో, ఆధునిక కాలంలో మొట్టమొదటిది అదే. 1963లో మొదలైంది. జనం తాకిడికి ఒక్క కాలువ చాలక 1968లో పక్కనే రెండోది కట్టారు. తయారు చేసింది కాలిఫోర్నియాకు చెందిన ఆరో డెవలప్‌మెంట్ అనే చిన్న కంపెనీ. 1959లో డిస్నీలాండ్‌కు ఉక్కు గొట్టాల పట్టాల మీద నడిచే మాటర్‌హార్న్ కోస్టరు చేసిపెట్టింది కూడా ఆ కంపెనీయే. లక్షలాది మంది ఎక్కి దిగిన ఆ తొట్టిని, నల్లగొండ జిల్లా లస్కరు ఒకడు కాలువగా గుర్తుపట్టి నిలబడిపోయాడన్నది ఇప్పుడు తలుచుకుంటే నాకు తగిన సంగతిగానే తోస్తుంది.

వరుసలో నిలబడ్డాము. వరుస తొట్టి పక్కనుంచే పోతుంది గనుక ఆయనకు విసుగు పుట్టలేదు. నాకు మాత్రం ఒక విచిత్రం మనసులో మెదులుతూనే ఉంది. నన్నూ, మా అన్ననూ, ఊరి పిల్లలందరినీ డ్రాపు దగ్గరికి పోకుండా తుమ్మబరిగె పట్టుకొని కాసిన మనిషి, ఇప్పుడు డ్రాపు మీదుగా పోవడానికి నా డబ్బుతో, నా పక్కనే, తన మనుమడి చెయ్యి పట్టుకొని నిలబడ్డాడు. ఆ మాట పైకి అన్నాను. ఆయన నవ్వలేదు. "అక్కడ గుండం ఉన్నదో లేదో సూసినంకనే ఎక్కుత" అన్నాడు. అన్నట్టుగానే వరుస ఆ జారుడు పాదం దగ్గరగా వచ్చినప్పుడు కటకటాలు పట్టుకొని వంగి, పడవలు ఒకదాని తర్వాత ఒకటి పడడం చూసి, నీళ్లు వెనక్కి తిరగడం లేదని రూఢి చేసుకొని, చేతి గడియారం విప్పి జేబులో పెట్టుకున్నాడు.

తర్వాత నేను చదివి తెలుసుకున్నదాన్ని బట్టి ఆయన పరిశీలన సరైనదే. కాలువ డ్రాపు కట్టేవాడి లక్ష్యం నీటి బలాన్ని వీలైనంత తక్కువ దూరంలో చంపేయడం, లేకపోతే దిగువ కాలువ అడుగు కోసుకుపోతుంది. ఆట కట్టేవాడి లక్ష్యం వేరు. అక్కడ దిగేది నీళ్ల బరువు కాదు, పడవ బరువు. జారుడు మీద నీళ్లు పలుచగానే ఉంటాయి. కింద లోతు తక్కువగా, పొడవు ఎక్కువగా ఉన్న తొట్టి ఉంటుంది. పడవ ముక్కు ఆ నీటిని తోసుకుంటూ పోతుంది, ఆ తోపుకే వేగం తగ్గుతుంది, తోయబడిన నీళ్లే రెండు రెక్కలుగా లేచి ఎక్కినవాళ్లనూ చూసేవాళ్లనూ తడుపుతాయి. అంటే బ్రేకూ నీళ్లే, వేడుకా నీళ్లే.

పడవలో మా వాడు ముందు, వాడి వెనుక తాత, ఆ వెనుక నేను, చివర నా భార్య. ఎక్కించే చోట నిలబడిన కుర్రవాడు కాలేజీ పిల్లవాడిలా ఉన్నాడు. పడవకూ పడవకూ ఎడం చూసి పంపడం అతని పని. కదిలిన మొదటి క్షణంలో కుదుపు లేదు. నీళ్లే తీసుకుపోయాయి. ఫైబర్‌గ్లాసు పడవ ఒక పక్క గోడకు ఆని, మలుపులో రెండో పక్కకు జరిగి, పక్కల ఉన్న చిన్న చక్రాలు గోడను రాసుకుంటున్న చప్పుడుతో సాగింది. పైన ఆకాశం, కింద దూరంగా మనుషుల తలలు. కాళ్లాడించే పని లేదు.

ఇక్కడే నేను ఆగి రాయాలనుకున్నాను. ఆ ఆట గురించి ఎవరిని అడిగినా చివరి జారుడు గురించే చెబుతారు, అది రెండు మూడు సెకన్ల పని. మిగిలిన సమయమంతా ఈ నిమ్మళమైన ప్రయాణమే. లారీ ట్యూబు మీద వెల్లకిలా పడుకొని తుమ్మ కొమ్మలను చూస్తూ పోయిన ఆ సాయంత్రాలు, అప్పటిదాకా ఎప్పుడూ గుర్తురానివి, ఆర్లింగ్టన్‌లో పద్ధతిగా వరుస కట్టి నాకు గుర్తుకొచ్చాయి. క్లోరిన్ వాసన వేరు, చల్లదనం మాత్రం అదే. ముందు కూర్చున్న నాయిన చెయ్యి బయటికి పెట్టి వేళ్లతో నీళ్లను తాకాడు. చేతులు బయట పెట్టవద్దని బోర్డు ఉందని నేను హెచ్చరించాను. "నీళ్లు ఎంత జోరుగ పోతున్నయో సూడకుంటే ఎట్లరా" అని ఆయన మరో క్షణం అలాగే ఉంచి తీశాడు. ఆ తర్వాత తల తిప్పి, "సన్నగ నడుస్తున్న మనిషంత జోరు" అని నాకు లెక్క చెప్పాడు.

అంతలో పడవ రబ్బరు బెల్టు మీదికి ఎక్కింది. నీళ్ల చప్పుడు పోయి, యంత్రం చప్పుడు మొదలైంది. పైకి పోతున్నకొద్దీ మా వాడు మాట మానేశాడు. నాయిన వాడి భుజాల మీద రెండు చేతులూ వేశాడు. పైన ఒక్క క్షణం పడవ నిలిచినట్టు అనిపించింది. కింద హోరు వినిపించింది. ఎక్కడెక్కడి నుంచో ఆ హోరుకు నా ఒళ్లు పాత అలవాటు ప్రకారం జవాబు చెప్పింది. పట్టుకోవడానికి తుంగ కోసం చెయ్యి చాచబోయాను. అక్కడ తుంగ లేదు.

పడ్డాము. నా భార్య కేక, మా వాడి కేక, నా కేక కలిసిపోయాయి. కళ్లు తెరిచేసరికి నీళ్లు రెండు పక్కల గోడల్లా లేచి, మా మీద కూలి, చొక్కా వీపుకు అతుక్కొని, పడవ మెల్లగా ముందుకు పోతున్నది. నాయిన నోరు తెరవలేదు. ఆయన తల పక్కకు తిరిగి ఉంది. దిగిన తర్వాత అక్కడ అమ్మే ఫోటో కొన్నాము. అందులో ముగ్గురం నోళ్లు తెరిచి ముందుకు చూస్తున్నాము. ఆయన ఒక్కడే నోరు మూసుకొని, పక్కనున్న తొట్టి అంచును, పడవ తాకిడికి నీళ్లు ఎంత ఎత్తు లేస్తున్నాయో అక్కడ చూస్తున్నాడు. ఆ ఫోటో ఇప్పుడు మా ఊరి ఇంట్లో ఆయన రిటైర్మెంటు సన్మానం ఫోటో పక్కనే ఉంది.

అమ్మ చెప్పులూ సంచులూ కాపలా కాస్తూ నీడలో కూర్చుంది. మేము తడిసి ముద్దై వస్తుంటే ఆమె ముఖంలో సంతోషం లేదు. ఆమె పుట్టిల్లు మర్రిగూడ దిక్కు. ఫ్లోరిన్ నీళ్లు తాగి ఎముకలు వంగిన మేనమామలను చూసి పెరిగిన మనిషి. మంచినీళ్ల బిందె కోసం తెల్లవారకముందే లేచి నడిచిన రోజులు ఆమె పెళ్లయి ఆయకట్టు ఊరికి వచ్చేదాకా తప్పలేదు. "ఇన్ని నీళ్లు ఆటకు పారబోస్తరా?" అని అడిగింది. నేను సమాధానం వెతుక్కుంటుంటే నాయినే చెప్పాడు. పారబోయడం లేదట. కింద చెరువంత తొట్టి ఒకటి ఉంది, అందులోంచి మోటార్లు నీళ్లను పైకి తోడి కాలువలో పోస్తాయి, కాలువ తిరిగి తిరిగి మళ్లీ ఆ తొట్టిలోనే కలుస్తుంది. ఎండకు ఆవిరైందీ, జనం బట్టలకు అంటుకొని పోయిందే నష్టం. ఎవరూ ఆయనకు ఇది చెప్పలేదు. వరుసలో నిలబడ్డప్పుడు గొట్టాలు ఎటు పోతున్నాయో చూసి కనిపెట్టాడు. నిమిషానికి వేల గ్యాలన్ల నీళ్లు తోడే పంపులు ఆగితే, తొట్టిలో నీళ్లు కిందికి జారిపోయి పడవలు ఎక్కడివక్కడ అడుగుకు ఆనుతాయి. అమ్మ కొంత శాంతించింది, పూర్తిగా కాదు. "మరి టేలెండుకు నీళ్లు అందుతున్నట్టేగా" అని ఆయనను దెప్పింది. చివరి భూములకు నీళ్లందలేదని రైతులు మా ఇంటి ముందుకు వచ్చి తిట్టిన రోజులన్నీ ఆమెకు కంఠస్థం. నాయిన ఆ మాటకు మాత్రం పడి పడి నవ్వాడు. అమెరికాలో ఆయన అంతగా నవ్వడం నేను మళ్లీ చూడలేదు.

ఆయన మళ్లీ ఎక్కుతానన్నాడు. ఈసారి ఆటకు కాదు, ఆ కుర్రవాడితో మాట్లాడడానికి. నేను దుబాసీగా వెళ్లాను. పడవ నడుమ ఎక్కడైనా ఇరుక్కుంటే ఎవరు పోతారు, రాత్రి పూట నీళ్ల మట్టం ఎవరు చూస్తారు, ఆకులు పడితే ఎవరు తీస్తారు అని వరుసగా అడిగాడు. కుర్రవాడు మర్యాదగానే చెప్పాడు. తన చేతిలో ఉన్నవి మీటలు మాత్రమేనని, మిగిలింది మెయింటెనెన్స్ వాళ్లు పొద్దున్నే వచ్చి చూసుకుంటారని అతని జవాబు. "అయితే నువ్వు లస్కరువు కాదు, ఆపరేటరువు" అని నాయిన తేల్చాడు. ఈ మాటను ఎలా అనువదించాలో తెలియక, మీ పని చాలా నచ్చిందంటున్నారని చెప్పాను. ఇద్దరూ చేతులు కలుపుకున్నారు.

ఊరికి తిరిగి వచ్చాక ఆయన ఆ ఆట గురించి చెప్పినంతగా నయాగరా జలపాతం గురించి కూడా చెప్పలేదు. నేను సెలవుకు వచ్చినప్పుడు సొసైటీ గోదాము అరుగు మీద ఆ కథ మళ్లీ నడుస్తుంటే విన్నాను. వినేవాళ్లలో రిటైరైన వర్క్ ఇన్‌స్పెక్టరు ఒకాయన, మిర్యాలగూడ రైస్‌మిల్లులో మెకానిక్కుగా చేసే ఒకతను, తవ్వకం రోజుల్లో పాలమూరు నుంచి వచ్చి మా ఊళ్లోనే ఉండిపోయిన ముసలి మేస్త్రీ ఒకాయన. నాయిన పుల్లతో మట్టిలో ఆ కాలువ వాలు మొత్తం గీసి చూపించాడు. ఇక్కడ తూము, ఇక్కడ మలుపు, ఇక్కడ బెల్టు, ఇక్కడ డ్రాపు.

"పడవంటె ఎట్లుంటదే?" అని మేస్త్రీ అడిగాడు.

"తాటి దోనె తీరు. బాయి కాడ నీళ్లు మలుపనీకి పెడుతం సూడు, గసొంటి దోనెల మనిషి కూసోని పోతడు."

ఆ ఒక్క మాటతో అరుగు మీద ఉన్న అందరికీ విషయం బోధపడింది. నాకు అప్పటిదాకా ఆ పోలిక తట్టలేదు. మెకానిక్కు మాత్రం బెల్టు దగ్గరే ఆగాడు. కరెంటు పోతే పడవ వెనక్కి జారదా అని ఆయన ప్రశ్న. దానికి అడ్డం పట్టే కొక్కేలు ఉంటాయనీ, ఉండి తీరాలనీ ఆయనే జవాబు చెప్పుకున్నాడు. వర్క్ ఇన్‌స్పెక్టరుకు ఇదంతా నచ్చలేదు. డ్రాపు మీదినుంచి పడడానికి ఎదురు డబ్బులిచ్చేవాళ్ల బుద్ధి గురించి ఆయన చాలాసేపు మాట్లాడాడు. మా నాయిన ఓపికగా విని, "సారూ, మనం ముప్పై ఏండ్లు ఆ నీళ్ల పక్కపొంటి నడిస్తిమి. ఒక్కనాడన్న నీళ్లు పొయ్యినట్టు పోతిమా?" అన్నాడు.

నేను ఆ తర్వాత కొన్నేళ్లకు ఉద్యోగం మానుకొని నల్లగొండకు వచ్చేశాను. మా రోజుల్లో బడి విహారయాత్ర అంటే సాగరు డ్యామూ, నాగార్జునకొండ లాంచీ, ఎత్తిపోతలే. 2016లో హైదరాబాదు పక్కన రావిర్యాల దగ్గర వండర్‌లా అనే వినోదాల పార్కు తెరిచాక ఇప్పుడు మన జిల్లా బడి బస్సులు కూడా అటే పోతున్నాయి. నాకు ఆ కొత్త ఆటల మీద కోపం లేదు కానీ, ప్రపంచమంతటా ఈ రకం ఆటలు కట్టేవాళ్లు ఏటేటా పెంచింది జారుడు ఎత్తునే అన్న ఫిర్యాదు మాత్రం ఉంది. 1989లో డిస్నీలాండ్‌లో తెరిచిన స్ప్లాష్ మౌంటెన్ జారుడు 50 అడుగులు దాటింది. నిజానికి కిందికి జారడం ఒక్కటే అయితే అది 1963లో కొత్త విషయమేమీ కాదు. వాలు మీదినుంచి చదునైన పడవను చెరువులోకి జార్చే ఆట న్యూయార్క్ కోనీ ఐలాండ్‌లో 1895లోనే ఉంది. ఆరో కంపెనీ కొత్తగా చేర్చింది జారుడుకు ముందున్న కాలువను. ఆ కాలువను కురచ చేసి జారుడును పెంచితే మళ్లీ 1895కే పోయినట్టు.

ఆ కాలువ ఆలోచన ఎక్కడిదో ఆసక్తి పుట్టి చదివినప్పుడు, అది నిజమైన కాలువల నుంచే వచ్చిందని తెలిసింది. 19వ శతాబ్దంలో అమెరికా పడమటి కొండల్లో కోసిన కలపను కిందికి చేర్చడానికి చెక్కలతో తొట్టి కాలువలు కట్టారు. ఇంగ్లిషు వి అక్షరం ఆకారంలో ఉండేవి అవి. లోయల మీదుగా ఎత్తైన కొయ్య గుంజల మీద పోయేవి. కాలిఫోర్నియాలో కింగ్స్ నది కొండల నుంచి శాంగర్ అనే ఊరి దాకా 1890లో కట్టిన కాలువ పొడవు 54 మైళ్లు. వాషింగ్టన్ రాష్ట్రంలో అలాంటిది ఒకటి 1986 దాకా పనిచేసింది. మనుషులు వాటిలో పోవడం కూడా పార్కులు కనిపెట్టింది కాదు. 1875లో నెవాడాలో వెండి గనుల యజమానులు జేమ్స్ ఫెయిర్, జేమ్స్ ఫ్లడ్, వాళ్లతో ఒక న్యూయార్క్ పత్రికా విలేకరి, పందుల తొట్టిలాంటి పడవల్లో కూర్చొని 15 మైళ్లు 35 నిమిషాల్లో దిగారు. ప్రాణాలతో బయటపడి మళ్లీ ఆ జోలికి పోలేదు.

ఇదంతా ఒక సాయంత్రం నాయినకు చదివి వినిపించాను. గనుల యజమానుల కథకు ఆయన పెద్దగా స్పందించలేదు. ఆ కాలువల పొడవునా మనుషులను పెట్టేవారనీ, వాళ్లు కాలువ పక్కనే చిన్న గుడిసెల్లో ఉంటూ, తొట్టి మీద వేసిన సన్నని పలక మీద నడుస్తూ, చెక్కలు ఒకదానికొకటి అడ్డం పడి ఇరుక్కుంటే పొడవాటి కర్రలతో విడదీసేవారనీ, నీళ్లు కారే చోట పగుళ్లు పూడ్చేవారనీ చదివినప్పుడు మాత్రం కుర్చీ ముందుకు జరుపుకున్నాడు.

"వాళ్లు లస్కర్లే" అన్నాడు.

అవునన్నాను.

"వర్క్‌చార్జా, రెగ్యులరా?"

వర్క్‌చార్జ్ అంటే పర్మనెంటు కాకుండా పని ఖాతా మీద పెట్టుకున్నవాళ్లు. పుస్తకంలో ఆ సంగతి లేదన్నాను. ఆయన నా వైపు, చదువుకున్నవాళ్లు అసలు విషయం ఎప్పుడూ రాయరన్నట్టు చూశాడు. "వర్క్‌చార్జే అయ్యుంటరు. రెగ్యులర్ చేస్తె గుడిసెలెందుకుంటరు" అని తనకు తానే తేల్చుకొని, తనను రెగ్యులర్ చేయించుకోవడానికి తాను నల్లగొండ డివిజన్ ఆఫీసు మెట్లు ఎన్ని ఎక్కిందీ, ఏ గుమాస్తా ఏ కాగితం లేదన్నదీ మొదటి నుంచి చెప్పడం మొదలుపెట్టాడు. అమ్మ వంటింట్లోంచి, ఆ కథ అయ్యేలోగా అన్నం చల్లారుతుందని కేక వేసింది.